1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ ఫుట్‌బాల్: తరచుగా అడిగే ప్రశ్నలు

భారత ఫుట్‌బాల్ గురించి ఎక్కడ మాట మొదలైనా కాసేపటికి 1956 వచ్చి తీరుతుంది. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం అని ఒకరు గర్వంగా అంటారు. వచ్చిన జట్లే తక్కువ, ఆ నాలుగో స్థానానికి విలువేమిటని ఇంకొకరు తీసిపారేస్తారు. ఇద్దరూ టోర్నీని పూర్తిగా చూసి మాట్లాడరు. అసలేం జరిగిందో, మన జట్టు ఏం చేసిందో, అందులో హైదరాబాద్ పాత్ర ఎంతో తెలుసుకోవాలనుకునే వారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఈ టోర్నీ ఎప్పుడు, ఎక్కడ జరిగింది?

1956 నవంబర్ 24 నుంచి డిసెంబర్ 8 వరకు, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్, ఒలింపిక్ పార్క్ అనే రెండు మైదానాల్లో మ్యాచ్‌లు ఆడారు. దక్షిణార్ధగోళంలో జరిగిన తొలి ఒలింపిక్స్ అవే. అక్కడ నవంబర్, డిసెంబర్ నెలలంటే వేసవి కాబట్టి క్రీడలను సంవత్సరం చివరికి పెట్టుకున్నారు.

తెలుగువారికి ఆ తేదీలను గుర్తుపెట్టుకోవడం తేలిక. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం నవంబర్ 1న ఏర్పడింది. సరిగ్గా మూడు వారాలకు, నవంబర్ 22న, మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ మొదలయ్యాయి.

ఎన్ని జట్లు ఆడాయి?

ఆడాల్సినవి పదహారు, ఆడినవి పదకొండు. సోవియట్ యూనియన్, యుగోస్లావియా, బల్గేరియా, భారత్, ఆస్ట్రేలియా, ఇండోనేషియా, బ్రిటన్, అమెరికా, జర్మనీ, జపాన్, థాయ్‌లాండ్ బరిలో దిగాయి. చైనా, ఈజిప్టు, హంగరీ, టర్కీ, దక్షిణ వియత్నాం తప్పుకున్నాయి.

అన్ని జట్లు ఎందుకు రాలేదు?

అప్పటి ప్రపంచ రాజకీయాలే ప్రధాన కారణం. సూయజ్ కాలువను జాతీయం చేసిన ఈజిప్టు మీద ఆ అక్టోబర్ చివర ఇజ్రాయెల్, వెంటనే బ్రిటన్, ఫ్రాన్స్ దాడికి దిగాయి. యుద్ధం ఇంటి ముందుకొచ్చిన దేశం ఫుట్‌బాల్ జట్టును ఎలా పంపుతుంది? తైవాన్‌ను ఆడనివ్వడాన్ని నిరసిస్తూ చైనా మొత్తం క్రీడలకే దూరమైంది. హంగరీది మరో విషాదం. నవంబర్ 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి ప్రవేశించి అక్కడి తిరుగుబాటును అణచివేశాయి. హంగరీ క్రీడాకారుల బృందం మెల్‌బోర్న్‌కు చేరింది కానీ ఫుట్‌బాల్ జట్టు చేరలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన దేశం అది. ఛాంపియన్ లేని టోర్నీ ఇది.

ఈ గైర్హాజరీ నేరుగా మన దారినే మార్చింది. తొలి రౌండ్‌లో భారత్ తలపడాల్సింది హంగరీతోనే. వాళ్లు రాకపోవడంతో వాకోవర్ దక్కి, బంతి తన్నకుండానే క్వార్టర్ ఫైనల్‌కు చేరుకున్నాం.

అంటే మన నాలుగో స్థానం అదృష్టమేనా?

ఎక్కువ మంది అడిగేది ఇదే కాబట్టి లెక్కలు ముందు పెడతాను. ఆ టోర్నీలో భారత్ ఆడింది మూడే మ్యాచ్‌లు. ఒకటి గెలిచింది, రెండు ఓడింది. ఐదు గోల్స్ చేసి, తొమ్మిది ఇచ్చుకుంది. ఒక్క విజయంతో నాలుగో స్థానం వచ్చిందన్నది కాదనలేని మాట. హంగరీ వచ్చి ఉంటే మనం తొలి రౌండ్ దాటేవాళ్లమని నేనైతే పందెం కాయను.

అయితే ఇదే లెక్క మిగతా జట్లకూ వేసి చూడండి. యుగోస్లావియా రెండే విజయాలతో రజతం పట్టుకెళ్లింది. బల్గేరియా కూడా రెండు గెలిచి కాంస్యం తీసుకుంది. తొలి రౌండ్ ఆడకుండా క్వార్టర్స్‌కు వచ్చిన జట్లు ఐదు. భారత్, యుగోస్లావియా, బల్గేరియా, ఇండోనేషియా, అమెరికా. ఖాళీ అయిన పట్టిక అందరికీ కలిసొచ్చింది, దాన్ని వాడుకోగలిగింది మాత్రం కొందరే. అమెరికా క్వార్టర్స్‌లో యుగోస్లావియా చేతిలో 9-1తో చిత్తయింది. మనం అదే క్వార్టర్స్‌లో ఆతిథ్య జట్టును వాళ్ల ప్రేక్షకుల ముందే ఓడించాం. ఆ తర్వాత సెమీస్‌లో యుగోస్లావియా మీద ముందంజ వేసింది కూడా మనమే. అదృష్టం క్వార్టర్స్ దాకా తెచ్చి దింపింది, అక్కడి నుంచి జట్టు తన కాళ్ల మీదే నడిచింది.

ఆస్ట్రేలియాతో మ్యాచ్ ఎలా సాగింది?

డిసెంబర్ 1న జరిగింది. స్కోరు 4-2. అందులో మూడు గోల్స్ నెవిల్ డిసౌజావి. తొమ్మిదో నిమిషంలో మొదటిది కొట్టాడు. ఆస్ట్రేలియా ఫార్వర్డ్ బ్రూస్ మారో 17వ నిమిషంలో స్కోరు సమం చేశాడు. 33వ నిమిషంలో నెవిల్ మళ్లీ కొడితే, విరామానికి కాస్త ముందు మారో మళ్లీ సమం చేశాడు. ఇద్దరి మధ్య పంతంలా సాగిన మొదటి సగం అది. రెండో సగం మొదలైన ఐదు నిమిషాలకే నెవిల్ హ్యాట్రిక్ పూర్తయింది. ఈసారి మారో నుంచి జవాబు లేదు. 80వ నిమిషంలో కిట్టు నాలుగో గోల్ కొట్టి అనుమానం లేకుండా చేశాడు. అందరూ కిట్టు అని పిలిచిన ఆ ఆటగాడి పేరు కృష్ణస్వామి.

ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన తొలి ఆసియా ఆటగాడు నెవిల్. ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు భారత్. ఈ రెండు ఘనతలూ ఒకే మధ్యాహ్నం వచ్చాయి. రెండోదాన్ని మనవాళ్లే సరిగా చెప్పుకోరు.

సెమీఫైనల్లో ఏం జరిగింది?

డిసెంబర్ 4న ఎదురైంది యుగోస్లావియా. ఆ పేరు వింటే మన జట్టుకు పాత గాయం గుర్తుకు రావాలి. నాలుగేళ్ల ముందు హెల్సింకీలో ఆ దేశమే మనల్ని 10-1తో ఓడించింది. మెల్‌బోర్న్‌లో అలాంటిదేమీ జరగలేదు. తొలి సగంలో గోల్స్ లేవు. 52వ నిమిషంలో నెవిల్ డిసౌజా గోల్‌తో భారత్ 1-0 ఆధిక్యంలోకి వెళ్లింది. ఒలింపిక్ ఫైనల్‌కు మనం అంత దగ్గరగా వెళ్లింది అప్పుడే.

ఆ ఆధిక్యం నిలిచింది రెండు నిమిషాలు. 54వ నిమిషంలో జ్లాట్కో పాపెట్స్ సమం చేశాడు. 57లో తోడోర్ వెసెలినోవిచ్, 65లో మళ్లీ పాపెట్స్. 78వ నిమిషంలో మన డిఫెండర్ సలాం కాలికి తగిలి బంతి మన వలలోకే పోయింది. తుది స్కోరు 4-1. స్కోరు మాత్రమే చదివితే ఏకపక్షం అనిపిస్తుంది. గోల్స్ పడిన నిమిషాలు కూడా చూస్తే, గంటసేపు సమానంగా నిలిచిన జట్టు పదకొండు నిమిషాల్లో చేజార్చుకున్న మ్యాచ్ అది.

మరి కాంస్యం ఎందుకు రాలేదు?

డిసెంబర్ 7న బల్గేరియా చేతిలో 3-0తో ఓడిపోయాం. కొన్నిచోట్ల భారత్‌కు కాంస్యం వచ్చిందని రాస్తుంటారు. రాలేదు. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ పతకం మొదట గెలిచింది జపాన్, 1968 మెక్సికోలో. బల్గేరియాను తక్కువ చేయడానికి కూడా లేదు. రెండు రోజుల ముందే వాళ్లు సోవియట్ జట్టును అదనపు సమయం దాకా లాక్కెళ్లి ఉన్నారు.

టోర్నీలో అత్యధిక గోల్స్ ఎవరివి?

నాలుగేసి గోల్స్‌తో ముగ్గురు సమానంగా నిలిచారు. నెవిల్ డిసౌజా, యుగోస్లావియా వెసెలినోవిచ్, బల్గేరియా దిమితర్ మిలనోవ్. మిగతా ఇద్దరూ పతకాలతో ఇంటికెళ్లారు.

ఆ భారత జట్టులో ఎవరెవరు ఉన్నారు?

కెప్టెన్ సమర్ బెనర్జీ. బెంగాల్ అభిమానులకు ఆయన బద్రూ. ఫార్వర్డ్ లైన్లో బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా, ఆ తర్వాతి కాలంలో దేశమంతా పీకే అని పిలిచిన ప్రదీప్ కుమార్ బెనర్జీ, కిట్టు, కన్నయ్యన్. గోల్‌కీపర్లు హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్, ఎస్.ఎస్. నారాయణ్. కెంపయ్య, నిఖిల్ నంది, కేస్టో పాల్, అబ్దుల్ రహ్మాన్, లతీఫ్, సలాం వగైరాలు మిగతా స్థానాల్లో ఉన్నారు.

హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లను విడిగా చెప్పాలి. డిఫెండర్ సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్, రక్షణకూ దాడికీ మధ్య హాఫ్ స్థానంలో ఆడే నూర్ మహ్మద్, రక్షణ మధ్యలో నిలిచే స్టాపర్ అహ్మద్ హుస్సేన్, ఫార్వర్డ్ జుల్ఫికరుద్దీన్. వాళ్లతోపాటు సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్లే. ఆ తర్వాత నాలుగైదేళ్లలో పీకే, చునీ గోస్వామి, బలరాం అనే త్రయం భారత దాడికి మారుపేరైంది. బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. మన రెండు రాష్ట్రాల్లో ఆ వార్త ఎంతమందిని చేరిందో మరి.

కోచ్ ఎవరు? ఆయన గురించి అంతగా ఎందుకు చెబుతారు?

సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, బడిపంతులుగా పనిచేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు. ఆ ఏడాది నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు ఆ జట్టే గెలిచింది. కలకత్తా క్లబ్బులు రాజ్యమేలుతున్న రోజుల్లో, పోలీసు ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు సాధించిన రికార్డు అది.

ఆయన పద్ధతి చూస్తే బడిపంతులు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టించారు. బంతి అందగానే ఒక్క తాకుతో పక్కవాడికి ఇవ్వాల్సిందే. బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో మరికొన్ని పోటీలు. అప్పట్లో మన మైదానాల్లో బంతి దొరికితే నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకోవడమే గొప్ప ఆట. రహీం ఆ మోజును పాఠాలు చెప్పి కాకుండా నియమాలు పెట్టి తగ్గించారు.

వ్యూహంలోనూ అంతే. 1950ల మొదట్లో హంగరీ జట్టు మధ్య ఫార్వర్డును కాస్త వెనక్కి దించి ఆడించి ఐరోపాను తికమక పెట్టింది. ఆ తరహా ఆలోచనను రహీం భారత జట్టుకు తెచ్చారు. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ నలుగురు డిఫెండర్లు, మధ్యలో ఇద్దరు, నలుగురు ఫార్వర్డ్‌లతో ఆడే 4-2-4ను లోకానికి చూపించేసరికి, దానికి దగ్గరి అమరిక మనకు కొత్త కాదు. హెల్సింకీలో పది గోల్స్ తిన్న జట్టుకూ, మెల్‌బోర్న్‌లో గంటసేపు నిలిచిన జట్టుకూ మధ్య తేడా నాలుగేళ్లు కాదు, ఈ పని. నా మట్టుకు నేను 1956ను గుర్తుంచుకునేది ఇందుకే. నాలుగో స్థానం పట్టికలో ఉంటుంది, దాన్ని తయారు చేసింది హైదరాబాద్ మైదానాలు.

అప్పుడు మనవాళ్లు బూట్లు లేకుండా ఆడారా?

మెల్‌బోర్న్‌లో కాదు. ఉత్తికాళ్ల కథ 1948 లండన్, 1952 హెల్సింకీలకు చెందింది. లండన్‌లో చాలామంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్‌తో ఆడి, రెండు పెనాల్టీలు వదులుకుని 2-1తో ఓడారు. హెల్సింకీ చలిలో పది గోల్స్ పడ్డాక అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

దీనికి అతుక్కుని తిరిగే ఇంకో కథ ఉంది. బూట్లు వేసుకోమన్నందుకే 1950 ప్రపంచ కప్ నుంచి భారత్ తప్పుకుందని. వినడానికి బాగుంటుంది కాబట్టి చెరిగిపోదు. సమాఖ్య చెప్పిన కారణాలు జట్టు ఎంపికపై విభేదాలు, సాధనకు సమయం చాలకపోవడం. దాని వెనక ఉన్నది ఇంకా మామూలు విషయం. అప్పటి మన నిర్వాహకులకు ప్రపంచ కప్ కన్నా ఒలింపిక్సే పెద్దవి. మెల్‌బోర్న్‌కు అంత శ్రద్ధగా సిద్ధమవడానికీ అదే కారణం.

ఓడిపోయిన బ్రిటన్ మళ్లీ ఎలా ఆడింది?

ఈ టోర్నీలోని వింతల్లో ఇదొకటి. అర్హత పోటీల్లో బ్రిటన్‌ను బల్గేరియా బయటకు పంపింది. సోఫియాలో 2-0తో గెలిచి, లండన్‌లో 3-3తో డ్రా చేసుకుంది. తర్వాత జట్లు ఒక్కొక్కటే తప్పుకోవడంతో ఖాళీ నింపడానికి బ్రిటన్‌ను పిలిచారు. వచ్చి థాయ్‌లాండ్‌ను 9-0తో ఓడించింది. క్వార్టర్స్‌లో ఎదురైంది ఎవరనుకున్నారు? అదే బల్గేరియా. ఈసారి 6-1.

ఇండోనేషియా సోవియట్‌ను నిలువరించిందంటారు, నిజమా?

నిజం. నవంబర్ 29న అదనపు సమయం కూడా అయిపోయాక స్కోరు 0-0. ఎదుటి గోల్ కాస్తున్నది ఫుట్‌బాల్ చరిత్రలోని గొప్ప గోల్‌కీపర్లలో ఒకడైన లెవ్ యాషిన్, ఆ జట్టు కెప్టెన్ ఇగోర్ నెట్టో. ఇండోనేషియా కోచ్ టోనీ పోగాచ్నిక్ యుగోస్లావియా నుంచి వచ్చినవాడు. ఆ రోజు దాదాపు జట్టంతా వెనకే గోడ కట్టి నిలబడింది. గోల్‌కీపర్ మౌల్వీ సేలాన్ వచ్చిన బంతినల్లా ఆపాడు. పెనాల్టీ షూటౌట్లు లేని రోజులు కాబట్టి మ్యాచ్ మళ్లీ ఆడించారు. డిసెంబర్ 1న జరిగిన రెండో మ్యాచ్‌లో సోవియట్ 4-0తో గెలిచింది. ఆసియా ఫుట్‌బాల్ అంటే 1956లో భారత్ ఒక్కటే కాదు.

విజేత ఎవరు?

సోవియట్ యూనియన్. డిసెంబర్ 8న ఫైనల్లో యుగోస్లావియాను 1-0తో ఓడించింది. రెండో సగం మొదట్లో అనతోలి ఇల్యిన్ కొట్టిన గోల్ ఒక్కటే తేడా. కోచ్ గావ్రిల్ కచాలిన్.

ఆ ఒక్క గోల్ వెనక పెద్ద బాకీ ఉంది. 1952లో ఇవే రెండు జట్లు తలపడ్డాయి. అప్పటికి టిటో యుగోస్లావియాకూ స్టాలిన్ మాస్కోకూ మాటల్లేవు. యుగోస్లావియా 5-1తో ముందుండగా సోవియట్లు 5-5 చేశారు. రెండోసారి ఆడిస్తే యుగోస్లావియా 3-1తో గెలిచింది. ఫలితంగా ఆ జట్టుకు ఎక్కువ మంది ఆటగాళ్లను ఇచ్చిన సైన్యం క్లబ్బునే రద్దు చేశారు. మెల్‌బోర్న్ ఫైనల్ నాటికి స్టాలిన్ లేడు, కానీ ఓటమి మరిచిపోయిన వాళ్లూ లేరు.

విజేతలకు దారి సులువుగా ఏమీ లేదు. పదిహేను రోజుల్లో ఐదు మ్యాచ్‌లు ఆడారు, ఇంకే జట్టూ అన్ని ఆడలేదు. బల్గేరియాతో సెమీస్ అయితే నరకమే. సబ్‌స్టిట్యూట్లు లేని నిబంధన. డిఫెండర్ నికొలాయ్ తిషెంకో మెడ కింది ఎముక విరిగినా మైదానంలోనే ఉండిపోయాడు. అదనపు సమయంలో బల్గేరియా గోల్ కొట్టింది. ఇంకో ఎనిమిది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా పందొమ్మిదేళ్ల ఎడ్వర్డ్ స్ట్రెల్ట్‌సోవ్ సమం చేశాడు. తర్వాత తతూషిన్ గెలుపు గోల్ కొట్టాడు. అంత చేసిన స్ట్రెల్ట్‌సోవ్‌ను ఫైనల్లో ఆడించలేదు. పతకాలు ఫైనల్ ఆడిన పదకొండు మందికే ఇచ్చారు. అతని స్థానంలో ఆడిన నికితా సిమొన్యాన్ తన పతకాన్ని ఇవ్వబోతే స్ట్రెల్ట్‌సోవ్ వద్దన్నాడు.

పెద్ద పెద్ద ఫుట్‌బాల్ దేశాలు ఎందుకు కనిపించవు?

ఒలింపిక్స్‌లో అప్పట్లో వృత్తి ఆటగాళ్లకు ప్రవేశం లేదు. జీతం తీసుకుని ఆడేవాళ్లున్న దేశాలు రెండో వరుస ఆటగాళ్లతో రావాల్సిందే. 1954లో ప్రపంచ కప్ గెలిచిన పశ్చిమ జర్మనీ ఆటగాళ్లు ఇక్కడ లేరు. కమ్యూనిస్టు దేశాల్లో ఆటగాడు కాగితం మీద సైనికుడో కార్మికుడో, రోజంతా చేసే పని ఫుట్‌బాలే. అందుకే 1952 నుంచి 1980 వరకు ప్రతి ఒలింపిక్ స్వర్ణం తూర్పు ఐరోపాకే వెళ్లింది. మన ఆటగాళ్లు నిజంగానే ఉద్యోగాలు చేసుకుంటూ ఆడినవాళ్లు. ఆ పోలికలో చూస్తే సెమీస్ ఇంకాస్త పెద్దగా కనిపిస్తుంది.

ఆ తర్వాత ఆ జట్టు, ఆ కోచ్ ఏమయ్యారు?

1960 రోమ్‌లో హంగరీ చేతిలో 2-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకుని, పెరూ చేతిలో 3-1తో ఓడాం. అక్కడ బలరాం రెండు గోల్స్ కొట్టాడు. రహీం కుమారుడు ఎస్.ఎస్. హకీం కూడా ఆ జట్టులో సభ్యుడు. రెండేళ్లకు జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో చనిపోయారు.

హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58 సీజన్లలో వరుసగా, రాష్ట్రాల జట్లు తలపడే జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మరోసారి గెలిచారు. మళ్లీ ఆ ట్రోఫీ ఇటువైపు రాలేదు.

భారత్ మళ్లీ ఒలింపిక్ ఫుట్‌బాల్ ఎప్పుడు ఆడింది?

రోమ్ తర్వాత ఆడలేదు. ఇప్పుడు అర్హత సాధించినా పోటీ వేరు. 1992 నుంచి పురుషుల ఒలింపిక్ ఫుట్‌బాల్ 23 ఏళ్లలోపు వారిది. 1996 నుంచి ఆ వయసు దాటిన ముగ్గురిని మాత్రం చేర్చుకోనిస్తున్నారు.